మావకీ మామాకీ తేడా తెలియని గూఢచారి

మా మావ చదివినన్ని గూఢచారి పుస్తకాలు ఈ జంషెడ్‌పూర్‌లో ఇంకెవులూ చదివుండరు. నేను విన్నన్ని ఇంకెవులూ వినుండరు. నాకు చదువు రాదు. ఓనమాల్లో సగం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. ఆయన చదివేవోడు, నేను బియ్యంలో రాళ్లేరుకుంటా వినేదాన్ని. అన్నీ విన్నాకే చెప్తన్నాను, వాటంత పనికిమాలిన పుస్తకాలు లోకంలో లేవు.

మావంటే నా మొగుడు. ఇది మొదలే చెప్పేత్తన్నాను, ఎందుకంటే గొడవంతా ఈ మాట కాడే వచ్చింది. మా అమ్మకి ఆఖరి తమ్ముడాయన. నేను పుట్టినప్పుడు నన్ను చంకనెత్తుకుని "ఇది నా పెళ్లాం" అని వీధంతా తిప్పేడంట, అప్పటికి ఆయనకి పదేళ్లు. మా విజయనగరం వైపు అది వింతేటీ కాదు. అక్క కూతురు ఇంట్లో ఉండగా బయటి పిల్లనెందుకు తేవడం అంటారు. పెళ్లికి ముందు మావా అన్నాను, పెళ్లయ్యాకా మావా అన్నాను. మార్చుకుందామన్నా మాకు ఇంకో పిలుపు లేదు.

ఇది డెబ్బైల చివర సంగతి. గోవింద్‌పూర్ వెళ్లే దారిలో ఒక సేఠ్‌గారి ఫౌండ్రీ ఉండేది. పెద్ద కార్ఖానా అనుకోకండి. ఒక రేకుల షెడ్డు, ఒక భట్టీ. ఇసకతో అచ్చులు చేసి, ఇనుము కరిగించి వాటిలో పోసేవోళ్లు. మావ అక్కడ అచ్చులు చేసే మోల్డరు. మోల్డర్లందరూ మనవాళ్లే, విజయనగరం, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం వైపోళ్లు. షెడ్డు వెనకాల గదుల లైనుంటే అందులో ఒక గది మాది. పనున్నన్నాళ్లే గది.

భాలుబాసాలో మన తెలుగాయన సెలూను ఒకటుండేది. ఊళ్ల నించి రైల్లో వచ్చినోళ్లు దారిలో కొనుక్కున్న పుస్తకాలు అక్కడ పడేసేవోళ్లు. రెండిచ్చి ఒకటి తీసుకోడం అక్కడి పద్ధతి. మావ ప్రతి ఆదివారం గెడ్డం చేయించుకుంటానని వెళ్లి, గెడ్డం మరిచిపోయి పుస్తకంతో వచ్చేవోడు. అరచేతిలో పట్టేటంత పుస్తకం. అట్ట మీద ఎప్పుడూ ఒక తుపాకీ, ఒక నల్ల కళ్లద్దాలోడు, చలికి సరిపడా బట్టల్లేని ఒక ఆడపిల్ల.

మొదటిసారి విన్నప్పుడు నేనడిగేను.

"మావా, ఈ గూఢచారి ఎవులు? మన ఊరి ఆచారిలాగ వడ్రంగి పని చేత్తాడా? మరి ఉలీ బాడితా ఏవీ?"

"ఒలే గుంటా, ఆచారి కాదే. గుట్టుగా తిరిగి సమాచారం తెచ్చేవోడు."

"అంటే చాడీలు చెప్పేవోడు."

"చాడీలేటే! దేశం కోసం."

"దేశం కోసం చాడీలు చెప్తే జీతమిత్తారేటి?"

పుస్తకంతో నా నెత్తి మీద మెల్లిగా ఒక్కటిచ్చి, మళ్లీ చదవడం మొదలెట్టేడు.

ఆ నల్ల కళ్లద్దాలోడికి పదకొండు భాషలొచ్చు. విమానం నడపడమొచ్చు. ఏ దేశంలో దిగితే ఆ దేశపోడిలాగే మాట్లాడేత్తాడు. వాడికి ఆకలెయ్యదు, వాడి చొక్కా మాయదు, వాడికి అమ్మ లేదు, అత్త లేదు, కిరసనాయిలు క్యూ లేదు. శత్రువు వాణ్ణి కుర్చీకి కట్టేసి, చంపకండా, తన గుట్టంతా తీరిగ్గా కూచుని వాడికే చెప్తాడు. "ఈడేటి మావా, చంపేసి పోక ఈ సోదంతా చెప్తాడు?" అంటే మావకి కోపమొచ్చేది. "నీకు కథ వినడం రాదే" అనేవోడు. ఎలగ వత్తాది? పర్సుడీహ్ బజార్లో చేపలమ్మేది తన చేపలెక్కడ కొన్నాదో పక్క బుట్టదానికి చెప్పదు. దేశాలు పేల్చేవోడు చెప్తాడంట!

మావ మాత్రం నమ్మేవోడు. ఒకసారి మా అమ్మకి నిమ్మరసంతో ఉత్తరం రాసేడు. ఉత్త కళ్లకి కనపడదు, దీపం సెగ చూపిత్తే అక్షరాలు లేత్తాయని ఏదో పుస్తకంలో ఉందంట. మా అమ్మకి ఆ సంగతి ఎలగ తెలుత్తాది? కవరు విప్పితే తెల్ల కాయితం. తమ్ముడికి మతి పోయిందని ఏడిచి, బండెక్కి జంషెడ్‌పూర్ వచ్చేసింది. మూడు నెల్లు మా గదిలోనే ఉండిపోయింది. ఇంతకీ ఆ ఉత్తరంలో రాసిందేటో తెలుసా? ఇక్కడ అందరం బాగున్నాం, నువ్వు రానక్కర్లేదని.

తరవాత రెండేళ్లకి మావకి కామెర్లు వచ్చేయి. మూడు వారాల్లో పోయేడు. తలగడ కింద ఆఖరి పుస్తకం ముప్పై పేజీలు మిగిలిపోయింది. అందులో నల్ల కళ్లద్దాలోడు గెలుత్తాడని నాకు ముందే తెలుసు, ఎప్పుడూ వాడే గెలుత్తాడు. మావ గెలవలేదు.

నాకు అప్పటికి ముప్పై నిండలేదు. ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్లది. ఇదిగో, ఇప్పుడు నేను చెప్తంటే రాత్తన్నాది అదే.

మోల్డర్లకి పెద్ద మిస్త్రీ ఒకాయన ఉండేవోడు, మావ చేతికి పని నేర్పినోడు. నేను అన్నా అనేదాన్ని. ఆయన వెళ్లి సేఠ్‌ని అడిగేడు, ఈ పిల్లకి కోర్ షాపులో పనియ్యండని. కోర్ అంటే ఇసక ముద్ద. గొట్టాల్లాంటివి పోసేటప్పుడు లోపల బోలుగా రావాలంటే అచ్చు మధ్యలో అది పెట్టాలి. ఇసకలో సీరా, అంటే బెల్లం మడ్డి, కలిపి పిసికి, పొయ్యిలో కాలుత్తారు. ఆ పని ఆడోళ్లది. చచ్చిపోయినోడి పెళ్లానికి ఆ పనివ్వడం సేఠ్‌గారి ఆనవాయితీ. పనొత్తే గది ఉంటాది. లేకపోతే నెలాఖరికి తాళం చెవి ఇచ్చెయ్యాలి. ఇచ్చేసి ఎక్కడికెళ్లాలి? ఊళ్లో మా అమ్మ తన తిండికే ఇంకోళ్ల ఇంట్లో అంట్లు తోముతన్నాది.

సేఠ్ సరే అన్నాడు. లెక్కలు రాసే మున్షీ అడ్డం పడ్డాడు. అంతకు ముందెప్పుడో ఒకావిడ నేనే పెళ్లాన్నని పనిలో చేరిపోతే, ఏడాదికి అసలు పెళ్లాం ఛాప్రా నించి పిల్లల్తో దిగిందంట. అప్పట్నించి మున్షీకి ఆడదాని మాట మీద నమ్మకం పోయింది. "గుట్టుగా విచారించి చెప్తాం" అన్నాడంట. గుట్టుగా! అడిగితే నేనే చెప్తాను కదా.

ఒక రోజు పొద్దున్న గుమ్మం ముందు ఒక మనిషి నిలబడ్డాడు. చేతిలో టార్చిలైటు, చంకలో రిజిస్టరు. "మలేరియా సే ఆయే హైఁ, పానీ దిఖావ్" అన్నాడు. దోమల కోసం నీళ్లు చూడాలన్నమాట.

నేను చూసేను. మలేరియావోళ్లు ఏడాదికి మూడుసార్లు వత్తారు మా లైనుకి. వచ్చినోడు మొట్టమొదట చేసే పని, గుమ్మం పక్క గోడ మీద తారీకు రాయడం. నీళ్లు చూడకపోయినా ఆ రాత రాయకండా పోడు. ఈయన గోడకేసి చూడనైనా లేదు. నా పక్కనించి లోపలికి వత్తంటే చొక్కా నించి మాడిన బెల్లం వాసన. ఆ వాసన నాకు తెలీదేటి? పన్నెండేళ్లు మావ బట్టలకి అదే వాసన వదల్చలేక చచ్చేను. ఊళ్లో ఏ దోమల బాబుకీ ఆ వాసన రాదు. వీడు మన ఫౌండ్రీ మనిషని అక్కడే తెలిసిపోయింది.

అదీ మన గూఢచారి. పుస్తకంలో వాడికి వంద వేషాలు. వీడికి ఒక్కటీ సరిగ్గా కుదర్లేదు.

దేనికొచ్చేడో మాత్రం నేను తప్పు ఊహించేను. మావ ఇత్తడి ముక్కలేటైనా ఇంటికి తెచ్చి దాచేడేమోనని వెతకడానికి వచ్చేడనుకున్నాను. మావ ఒక్క మేకు తెచ్చినోడు కాదు. అంచేత నాకు భయం లేదు, నవ్వొచ్చింది. "చూడు బాబూ, బాగా చూడు" అని కుండ చూపించేను, బొక్కెన చూపించేను, మంచం ఎత్తి చూపించేను. ట్రంకుపెట్టె కూడా తీసి చూపించేను. దోమల బాబుకి ట్రంకుపెట్టెతో పనేటి? అయినా వొంగి చూసేడు. నిండా పుస్తకాలు. ఒకటి తీసి, టార్చి వేసి, పేజీలు తిప్పేడు.

"యే కౌన్ సీ భాషా హై?"

"తెలుగు."

కళ్లు చిట్లించి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు. నాకు చదువు రాదు, ఒప్పుకుంటాను, కానీ అట్ట మీది ఆడపిల్ల తలకిందులుగా వేలాడతంటే నాకు తెలీదా? వాడికి తెలీలేదు. రిజిస్టర్లో ఏదో రాసుకున్నాడు.

నేనూ తక్కువ తినలేదులెండి. నల్ల కళ్లద్దాలోణ్ణి చొక్కా వాసనతో పట్టేసినంత సంబరం నాకు. ఇంకాసేపు ఆడిద్దామని, "కూచో బాబూ, చాయ్ పెడతాను" అని లోపల పొయ్యి కాడికెళ్లేను. అదీ నేను చేసిన వెధవ పని. కుండా మంచమూ కాపలా కాసేను గాని, గుమ్మంలో కూచున్న కూతుర్ని మరిచిపోయేను.

ఇది బళ్లో తెలుగు చదివేది, వీధిలో హిందీ మాట్లాడేది. నేను తెలుగులో తిట్టినా హిందీలోనే జవాబు చెప్పేది. వాడు దాన్ని హిందీలో అడిగేడు, మీ అమ్మ మీ పాపాని, అంటే నాన్నని, ఏమని పిలిచేదని.

ఇది చెప్పింది: "మావా."

"మామా?"

"హాఁ, మామా. పాపా నానీ కే భాయీ థే నా."

పాపా అంటే అమ్మమ్మ తమ్ముడే కదా అని గొప్పగా చెప్పింది. నిజమే చెప్పింది. వాడు ఆ మాట మహా ఆనందంగా రాసుకుని, నా టీ తాగేసి, గ్లాసు కడక్కండా పెట్టేసి పోయేడు.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్న వచ్చేడు. "సెల్లీ, మున్షీ రమ్మంటన్నాడు. మొకం సూత్తే బాగోలేదు" అన్నాడు. కూతుర్ని తీసుకుని వెళ్లేను.

ఆఫీసు గదిలో సేఠ్ గాదీ పరుపు మీద ఉన్నాడు, మున్షీ బల్ల ముందున్నాడు, గోడవార మన మలేరియా బాబు నిలబడ్డాడు. గేటు కాడ హాజరీ వేసే టైమ్ కీపరంట. నేనెప్పుడూ గేటు కాడికెళ్లలేదు గనక మొకం తెలీదు. పదేళ్ల నించి మావ పేరుకీ, మన మోల్డర్లందరి పేర్లకీ పొద్దున్నా సాయంత్రం టిక్కు పెట్టేవోడు వాడే.

మున్షీ చెప్పేడు. "నువ్వు అతని భార్యవి కావు. భాంజీవి. నీ నోటితో నువ్వే మామా అనేదానివంట. మేనకోడలికి పనివ్వడం ఇక్కడ లేదు. అబద్ధమాడి మృతుడి పని కొట్టేద్దామనుకున్నావు. గది ఖాళీ చెయ్యి."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో కొట్టాలో తెలీలేదు.

"భాంజీనీ నేనే, పెళ్లాన్నీ నేనే" అన్నాను.

సేఠ్ రెండు చెవులూ మూసుకున్నాడు. "రామ్ రామ్! మామా అంటే తండ్రి తరవాత తండ్రి. పిల్ల ముందు ఇలాంటి మాటలా?"

"మీకు తండ్రేమో. మాకు మొగుడు."

"ఇంకా బరితెగించి చెప్తోంది చూడండి" అన్నాడు మున్షీ. టైమ్ కీపర్ రిజిస్టరు విప్పి చదివేడు. పెళ్లి ఫోటో లేదు. ఉన్నది ఒక్కటే మంచం. పెట్టెలో రహస్య లిపిలో పుస్తకాలున్నాయి.

రహస్య లిపి! వాడు రోజూ హాజరీ వేసే పదిమంది ఇళ్లకి ఉత్తరాలు రాసుకునే అక్షరాలు. పదకొండు భాషల గూఢచారి కథలు విన్నాను నేను జీవితమంతా. నా నోటి కాడ కూడు తియ్యడానికి వచ్చినోడికి ఒక్క మాట రాలేదు. ఒక్క మావ అన్న మాట.

నా పక్కన కూతురు ఏడుపు మొదలెట్టింది. "మైఁనే హీ బోలా థా, నేనే చెప్పేనమ్మా" అన్నాది. అప్పటిదాకా నాకు తెలీదు దాన్ని అడిగేడని. చెయ్యి లేచిపోయింది. ఆఫీసులో అందరి ముందూ కొట్టేను. అది కూడా రాయే, వదిలెయ్యకు. నిజం చెప్పినందుకు నిన్ను కొట్టేను.

కొట్టేక ఇంకేటుంది పోడానికి? ఆఫీసు గుమ్మంలోంచే షెడ్డుకేసి తిరిగి అరిచేను. నా గొంతు గురించి తెలుసు కదా, భట్టీ హోరు మీద కూడా వినిపించింది.

"అన్నల్లారా! మీలో అక్క కూతుర్ని సేసుకున్నోళ్లు ఎవులున్నారో ఒక్కసారి ఇలా రండర్రా!"

మొదట ఎవులూ కదల్లేదు. తరవాత ఒకడు, మొకం నిండా నల్ల ఇసకతో, షెడ్డులోంచి తొంగి చూసేడు. "ఏటి వదినా, సంబంధాలు సూత్తన్నావేటి? నాకైపోయింది పెళ్లి!"

"ఎవుల్ని సేసుకున్నావురా?"

"మా అక్క కూతుర్నే. ఏం?"

"అయితే రా, ఇక్కడ నిలబడు."

ఒకడొచ్చేడు. ఇద్దరొచ్చేరు. మూడోవోడు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటా వచ్చి, "నాది అక్క కూతురు కాదు, మేనమావ కూతురు. పనికొత్తానా?" అన్నాడు. "నువ్వూ నిలబడరా, వరస నిండుగా ఉంటాది" అన్నాడు వెనకనించి ఇంకోడు. ఆఖర్న పెద్ద మిస్త్రీ అన్న ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయనదీ అదే వరసని నాకూ అప్పటిదాకా తెలీదు.

"సేఠ్‌జీ" అన్నాడు, "నా పెళ్లాం మా పెద్దక్క కూతురు. నలుగురు పిల్లలు. నన్ను మావా అనే పిలుత్తాది, తిట్టినప్పుడు తప్ప. ఈళ్లందరూ అంతే."

సేఠ్ లెక్కపెట్టుకున్నాడు. ఆరుగురు. "యే సబ్ కే సబ్ మామా హైఁ?" ఈళ్లందరూ మామాలేనా అన్నాడు నీరసంగా. తరవాత టైమ్ కీపర్ వైపు చూసేడు. వాడు రిజిస్టర్ మూసేసేడు.

మున్షీ మాత్రం వదల్లేదు. ఇది శాస్త్రమా, ఏ పుస్తకంలో ఉంది, ఊరి నించి సర్పంచి కాయితం తేవాలి, దాని మీద మొహరుండాలి, ఇలగ మొదలెట్టేడు. కాయితం రావడానికి నెల పడతాది. గది నెలాఖరుకే పోతాది. అది మున్షీకీ తెలుసు.

అప్పుడు అన్న చల్లగా అన్నాడు. "అలాగే మున్షీజీ. కాయితం వచ్చేదాకా మేమిక్కడే నిలబడతాం. మా పెళ్లిళ్ల సంగతి కూడా తేలిపోవాలి కదా. ఎవుల మీద నమ్మకముంటే ఆళ్లచేత పోయించుకోండి."

అది మూడు గంటల వేళ. భట్టీ తెరిచే వేళ. లోపల ఇనుము కరిగి కుతకుతలాడతన్నాది, అచ్చులన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, పోసేవోళ్లు ఆఫీసు ముందు వరసగా పెళ్లికొడుకుల్లాగ నిలబడ్డారు. ఇంకాసేపు ఆలీసమైతే కరిగిన ఇనుము భట్టీలోనే గడ్డకట్టేత్తాది. దాన్ని సుత్తులెట్టి పగలగొట్టాల్సిందే.

సేఠ్ ఒకసారి నాకేసి చూసేడు, ఒకసారి భట్టీకేసి చూసేడు. "దే దో, దే దో! ఇచ్చెయ్యి దీనికి పని! అరే, మీరు వెళ్లండయ్యా, పొయ్యండి!" అని గాదీ మీంచి లేచిపోయేడు.

నా మాట నిజమని నమ్మి కాదు. మా పెళ్లి న్యాయమని ఒప్పుకుని కాదు. ఇనుము గడ్డకడతాదని. గూఢచారి పుస్తకాల్లో ఆఖరికి నిజం బయటపడి అందరూ చప్పట్లు కొడతారు. నా విషయంలో నిజం మొదట్నించీ బయటే ఉంది, గుమ్మంలో కూచుని హిందీలో మరీ చెప్పింది. దాన్ని వినడానికి ఒక్క మనిషికీ చెవుల్లేకపోయేయి.

ఆ కోర్ షాపులో పదిహేడేళ్లు చేసేను. రోజూ గేటు కాడ హాజరీ వేయించుకుంటా, "ఏం మలేరియా బాబూ, దోమలున్నాయా?" అని అడిగేదాన్ని. తలెత్తేవోడు కాదు. పుస్తకాలేటయ్యాయంటారా, పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చేయి. అట్టలు బాగా మండుతాయి.

ఆ మధ్యాహ్నం సంగతి పూర్తి చెయ్యాలి కదా. మోల్డర్లు షెడ్డులోకి పరిగెత్తేరు. మున్షీ మొకం ముడుచుకుని పెద్ద రిజిస్టరు తెరిచేడు. మృతుడి పేరు రాసేడు. దాని పక్కన, మృతుడు నీకేమవుతాడు అన్న గడి కాడ కలం ఆపేడు.

"విను" అన్నాడు. "ఈ ఆఫీసులో ఇంకెప్పుడూ అతన్ని మామా అనకు. ఇక్కడ పతి అనాలి. అను చూద్దాం."

నా కూతురు కొంగు పట్టుకుని నాకేసి చూత్తన్నాది. దాని చెంప ఇంకా ఎర్రగానే ఉంది.

"మావ పోయేడు బాబూ" అన్నాను. "ఇంక నేను ఏటని పిలిచినా పలకడు. నీకేది నచ్చితే అది రాసుకో. వేలిముద్ర ఎక్కడెయ్యాలో చూపించు, లోపల నా ఇసక ఆరిపోతన్నాది."